గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఫ్రేము బరువు లెక్క వేయండి

ప్రశ్న: హనుమకొండలో పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. ఏడాదిగా జానపద పాటల ఆర్డర్లు కూడా వస్తున్నాయి. గ్రీన్ మ్యాట్ మీద డ్యాన్స్ తీసి వెనక గుడి, చెరువుకట్ట, జాతర పెట్టమంటున్నారు. కెమెరా సోనీ ఏ7 ఫోర్. 4కే, 25 ఫ్రేములు, 100ఎం (సెకనుకు 100 మెగాబిట్లు), 8 బిట్‌లో తీస్తున్నా. ఇప్పుడున్న సిస్టమ్ పాత ఐ5, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ ఆగిపోతోంది, జుట్టు చుట్టూ అంచులు చిరిగినట్టు వస్తున్నాయి. మానిటర్‌తో కలిపి రెండు లక్షలు పెట్టగలను. "కార్డు పెద్దది వేస్కో, మిగతాది ఏదున్నా నడుస్తది" అని షాపాయన అంటున్నాడు. ఇంటెల్ మంచిదా, ఏఎండీ మంచిదా? న్యూక్ (సినిమా వీఎఫ్‌ఎక్స్ సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలా?

సమాధానం: షాపాయన మాట డావిన్సీ రిజాల్వ్ (ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు చాలావరకు నిజం. మీరు వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు మాత్రం కాదు. అది ఎక్కువగా ర్యామ్ మీద, ప్రాసెసర్ మీద బతుకుతుంది. కొన్ని ఎఫెక్టులు కార్డును వాడుకుంటాయి గానీ, మీ సిస్టమ్ ఆగిపోతున్నది అక్కడ కాదు.

ఎక్కడ ఆగుతోందో చిన్న లెక్కతో తేలుతుంది. 4కే ఫ్రేము అంటే 3840 గుణించు 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా అని నాలుగు విలువలు. 8 బిట్ ప్రాజెక్టులో ఆ ఒక్క ఫ్రేము ర్యామ్‌లో 33 ఎంబీ పడుతుంది, 16 బిట్‌లో 66, 32 బిట్‌లో 133. కెమెరా ఫైలు ఎంత చిన్నదైనా సరే, విప్పాక బరువు ఇదే. పది సెకన్ల షాటులో 250 ఫ్రేములు. 16 బిట్‌లో ఆ షాటు ప్రివ్యూ ఒక్కటే 16.6 జీబీ. మీకున్న ర్యామే 16 జీబీ, అందులో విండోస్, బ్రౌజర్, సాఫ్ట్‌వేర్ తమ వాటా తీసుకున్నాక మూడు నాలుగు సెకన్ల ప్రివ్యూకు మించి నిలవదు. ఆపైన పాత ఫ్రేములు పడేసి కొత్తవి మళ్లీ లెక్కేస్తూ ఉంటుంది. మీకు అది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడున్న డబ్బాలో 24 జీబీ కార్డు పెట్టినా ఈ లెక్క మారదు.

అదే షాటును హెచ్‌డీలో కంపోజిట్ చేస్తే (మనిషిని, వెనక దృశ్యాన్ని కలిపితే) ఫ్రేము 16.6 ఎంబీ, పది సెకన్లు 4 జీబీ చిల్లర. నాలుగో వంతు. జానపద పాటలు చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు. ఆర్డరిచ్చిన పార్టీ ప్రత్యేకంగా 4కే అడగనంతవరకు 4కేలో షూట్ చేసి, హెచ్‌డీ కంపోజిషన్‌లో పనిచేయడమే మా సలహా. దీనివల్ల జరిగే ఇంకో మేలు బరువు తగ్గడం కన్నా పెద్దది. అది మీ అంచుల సమస్యకు సంబంధించింది.

8 బిట్ 100ఎం సెట్టింగులో కెమెరా 4:2:0 పద్ధతిలో రాస్తుంది. వెలుగు వివరం 3840 గుణించు 2160 ఉన్నా, రంగు వివరం 1920 గుణించు 1080 మాత్రమే ఉంటుంది. కీయింగ్ (మ్యాట్ రంగు తీసేసి మనిషిని విడదీయడం) జరిగేది రంగు తేడా మీద. జుట్టు పోగు, చున్నీ అంచు లాంటి సన్నటి చోట నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు ఉంటే కీయర్ మెట్లుమెట్లుగా కోస్తుంది. ఆ క్లిప్పును హెచ్‌డీకి కుదించినప్పుడు ప్రతి పిక్సెల్‌కూ దాదాపు దాని సొంత రంగు దక్కుతుంది. కుదించాకే కీ చేయండి. 4కేలో కీ చేసి తర్వాత కుదిస్తే ఈ లాభం తగ్గిపోతుంది.

ఇంకా మేలైన దారి మీ కెమెరాలోనే ఉంది. గ్రీన్ మ్యాట్ షాట్లకు ఎక్స్ఏవీసీ ఎస్-ఐ 4కే, 4:2:2 (రంగు వివరం 4:2:0కు రెట్టింపు) 10 బిట్ ఎంచుకోండి. 25 ఫ్రేములకు సెకనుకు 250 మెగాబిట్లు, అంటే నిమిషానికి రెండు జీబీకి కాస్త తక్కువ. మెమరీ కార్డు ఆ వేగం తట్టుకునేదై ఉండాలి. పెళ్లి మొత్తం దీంతో తీయనక్కర్లేదు, మ్యాట్ ముందు తీసే షాట్లకు చాలు. 8 బిట్‌లో ఎస్-లాగ్3 (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే సోనీ మోడ్) మాత్రం తీయకండి. ఆకాశం, గోడలు పట్టీలు పట్టీలుగా విడిపోతాయి.

షూటింగ్ దగ్గర సరిచేసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. కొత్త సిస్టమ్ వీటిని బాగుచేయలేదు. డ్యాన్సరు మ్యాట్‌కు కనీసం ఏడెనిమిది అడుగుల ముందు నిలబడాలి, లేకపోతే ఆకుపచ్చ వెలుగు భుజాల మీద, జుట్టు మీద పడుతుంది. మ్యాట్‌కు వేరే లైట్లు, మనిషికి వేరే లైట్లు. మ్యాట్ ఈ చివర నుంచి ఆ చివరకు వెలుగు తేడా అర స్టాప్ దాటకూడదు. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, వేరే షట్టర్ పెడితే కొన్ని ఎల్‌ఈడీ లైట్లు ఫ్లిక్కర్ అవుతాయి. చేతులు వేగంగా తిప్పే స్టెప్పులకు 1/100 అయితే అంచులు మసకబారవు. బతుకమ్మ పాటల విషయంలో ఒక జాగ్రత్త. గునుగు, తంగేడు మధ్య పచ్చటి ఆకులు, చిలకపచ్చ చీరలు, ఆకుపచ్చ గాజులు ఉంటాయి. అవన్నీ గ్రీన్ మ్యాట్‌తో పాటే మాయమవుతాయి. వాటికి బ్లూ మ్యాట్ వేయండి, నీలం చీరలు ఎవరూ కట్టుకోకుండా ముందే చెప్పండి.

ఫోన్‌తో తీసిన క్లిప్పు కలపాల్సి వస్తే ముందు దాని ఫ్రేము రేటు చూడండి. చాలా ఫోన్లు మారే ఫ్రేము రేటుతో రాస్తాయి. దాన్ని నేరుగా వాడితే ట్రాకింగ్ (కదలికను వెంబడించడం) మెల్లగా జారిపోతుంది, పెదవులకు పాటకు పొత్తు తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ లేదా షట్టర్ ఎన్‌కోడర్‌లో స్థిరమైన 25కు మార్చాకే టైమ్‌లైన్‌లో పెట్టండి. రెండూ ఉచితమే.

ఇక సిస్టమ్.

ర్యామ్ 64 జీబీ, రెండు 32ల జత. ఒకే కిట్‌గా ప్యాక్ అయి వచ్చినదే తీసుకోండి. 16 చొప్పున నాలుగు పెడితే ధర కలిసొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే వేగం బాగా పడిపోతుంది, కొన్ని బోర్డులు మొరాయిస్తాయి కూడా. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. 64 అందకపోతే 24 చొప్పున రెండున్న 48 జీబీ కిట్ తీసుకోండి. ఇప్పుడొక 32 పెట్టి ఆరు నెలల తర్వాత ఇంకొకటి కొందామనుకోవద్దు. ఒక్కటే ఉంటే డ్యూయల్ ఛానెల్ ఉండదు, తర్వాత కొన్నది దీంతో కలిసి నడుస్తుందన్న హామీ కూడా లేదు.

ప్రాసెసర్ దగ్గర ఇంటెలా, ఏఎండీయా అని ఎక్కువ మథనపడనక్కర్లేదు. ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కే అయినా, ఏఎండీ రైజెన్ 9 9900ఎక్స్ అయినా మీ పనికి సరిపోతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఇప్పుడు ఒకేసారి చాలా ఫ్రేములను వేర్వేరు కోర్ల మీద రెండర్ చేస్తుంది, అందుకే కోర్ల సంఖ్యకు విలువ. అయితే ఒక్కో ఫ్రేముకూ వేరుగా ర్యామ్ కావాలి. 20 కోర్లకు 16 జీబీ ర్యామ్ ఇవ్వడం ఇరవై మంది కూలీలకు నాలుగు పారలు ఇచ్చినట్టే.

ఇంటెల్ తీసుకుంటే పేరు చివర "ఎఫ్" లేనిదే అడగండి. ఎఫ్ ఉన్నవాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, దాంతో వీడియో ఫైళ్లు విప్పే క్విక్‌సింక్ కూడా పోతుంది. కార్డు ఏదైనా పాడై సర్వీసుకు వెళ్లిన రోజుల్లో ఆ లోపలి గ్రాఫిక్సే తెర చూపిస్తుంది. పాత స్టాక్ అని 13, 14వ తరం ఐ7, ఐ9 తక్కువకు ఇస్తామంటే, ఆ చిప్పుల్లో ఓల్టేజ్ లోపం వల్ల కాలక్రమంలో క్రాష్‌లు వచ్చిన సంగతి గుర్తుంచుకోండి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్‌తో సరిచేసింది, వారంటీ కూడా పెంచింది. కొత్త చిప్పుకు తాజా బయాస్ (మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే ఇబ్బంది లేదు. సెకండ్‌హ్యాండ్‌లో మాత్రం వద్దు. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఏ అప్‌డేటూ బాగుచేయదు.

గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీది. ఇదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు. డబ్బా మీద చదివి మరీ తీసుకోండి. 8 జీబీ ఉంటే రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ మీద రెండు మూడు ఎఫెక్టులు పడగానే జీపీయూ మెమరీ నిండిందన్న హెచ్చరికతో రెండర్ ఆగిపోవచ్చు. వేగం తక్కువైతే రెండర్ ఆలస్యమవుతుంది, మెమరీ తక్కువైతే అసలు పూర్తే కాదు. అందుకే వేగంలో మెట్టు పైనున్న 12 జీబీ 5070 కన్నా మీకు ఈ 16 జీబీదే నయం. 50 సిరీస్ వల్ల ఇంకో ఉపయోగం, 4:2:2 10 బిట్ ఫైళ్లను కార్డే విప్పుతుంది. 40 సిరీస్ కార్డులు ఆ పని చేయలేవు. మీ కెమెరాకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి.

డిస్కులు రెండు ఎన్‌వీఎంఈలు (వేగమైన ఎస్ఎస్‌డీలు). 1 టీబీ దాంట్లో విండోస్, సాఫ్ట్‌వేర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ డిస్క్ క్యాష్. 2 టీబీ దాంట్లో నడుస్తున్న ప్రాజెక్టుల ఫుటేజ్. క్యాష్‌నూ ఫుటేజ్‌నూ ఒకే డిస్కులో పెడితే చదవడం, రాయడం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. క్యాష్‌కు 200 నుంచి 250 జీబీ పరిమితి పెట్టండి, డిస్కు నిండా పోనివ్వొద్దు. చవకగా దొరికే క్యూఎల్‌సీ డిస్కులు మొదట వేగంగా రాసి, కాసేపటికి హార్డ్‌డిస్కు స్థాయికి దిగిపోతాయి. టీఎల్‌సీ అని అడిగి తీసుకోండి. మామూలు హార్డ్‌డిస్కు సెకనుకు 150, 200 ఎంబీ ఇస్తుంది. 4కే 16 బిట్ ఈఎక్స్ఆర్ సీక్వెన్స్ (ఒక్కో ఫ్రేము ఒక్కో ఫైలుగా ఉండేది) కుదించకుండా ఆడాలంటే సెకనుకు 1,600 ఎంబీకి పైగా కావాలి. హార్డ్‌డిస్కు పెళ్లిళ్ల పాత డేటా దాచడానికే, అదీ రెండు కాపీలుగా.

మానిటర్ 27 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్, క్యూహెచ్‌డీ (2560 గుణించు 1440), ఎస్ఆర్‌జీబీ (తెరలకు ప్రామాణికమైన రంగుల పరిధి) నూరు శాతం ఉన్నది. కొన్నాక మెనూలో ఎస్ఆర్‌జీబీ మోడ్ పెట్టి వదిలేయండి. వంపు తిరిగిన గేమింగ్ మానిటర్లలో ఎక్కువ వీఏ ప్యానెల్‌వి, పక్కనుంచి చూస్తే నలుపు రంగు మారుతుంది. కీ అంచుల్లో మిగిలిపోయిన చీకటి గీతను అది దాచేస్తుంది.

డబ్బు సరిపోకపోతే ముందు కార్డు మీద తగ్గించుకోండి, పాత తరం 4060 టీఐ 16 జీబీ దొరికితే అదీ నడుస్తుంది. క్లిప్పులు ముందే మార్చుకుంటే 4:2:2 లోటు పూడుతుంది. తర్వాత క్యాబినెట్ లైట్ల మీద, బోర్డు మీద. ర్యామ్, ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పవర్ సప్లై) జోలికి వెళ్లొద్దు. 265కే గరిష్ఠంగా 250 వాట్లు, కార్డు 180 వాట్లు లాగుతాయి. 750 వాట్ల గోల్డ్ ఎస్ఎంపీఎస్ హాయిగా మోస్తుంది.

కరెంటు సంగతి షాపులో ఎవరూ ఎత్తరు. ఎండాకాలం సాయంత్రాలు, గాలివాన రోజులు తెలిసినవే. ఇంట్లో ఫ్యాన్లకు, ట్యూబులైట్లకు పెట్టిన ఇన్వర్టర్ మీద ఈ సిస్టమ్‌ను వదలకండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో లోడు మీదున్న ఎస్ఎంపీఎస్ పడిపోవచ్చు. చవక యూపీఎస్‌ల నకిలీ సైన్‌వేవ్‌తోనూ నేటి ఎస్ఎంపీఎస్‌లు కొన్నిసార్లు సరిగ్గా మారే క్షణంలోనే ఆగిపోతాయి. ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ అడగండి, దాని మీద కేవీఏ కాదు, వాట్లు చదవండి. 1 కేవీఏ అని రాసి ఉన్నా చాలావాటిలో 600 వాట్లే. మీకు అది సరిపోతుంది, పని సేవ్ చేసి ఆపుకునేంత సమయం ఇస్తుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగ్ లేనట్టు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు ఓల్టులకు మించి ఉండకూడదు.

పెద్ద రెండర్‌ను నేరుగా ఎంపీ4గా తీయడం మానండి. 90 శాతం దగ్గర కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు, మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఈఎక్స్ఆర్ లేదా 16 బిట్ టిఫ్ సీక్వెన్స్‌గా తీస్తే అప్పటిదాకా వచ్చిన ఫ్రేములు మిగులుతాయి. రెండర్ సెట్టింగుల్లో ఉన్న ఫైళ్లను దాటేయమనే గుర్తు పెడితే ఆగిన చోటు నుంచే సాగుతుంది. చివరి ఫ్రేము ఒక్కటి సగంలో ఆగి ఉంటుంది, దాన్ని చెరిపేసి మొదలుపెట్టండి. సీక్వెన్స్ అయ్యాక ఎంపీ4 చేయడం కొద్ది నిమిషాల పని.

వేడి. మే నెలలో వరంగల్‌లో 44 డిగ్రీలు తాకిన రోజున ఏసీ లేని గదిలో 38, 40 ఉంటుంది. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరులో 85 దగ్గర నడిచిన సిస్టమ్ మేలో హద్దు తాకి తనకు తానే వేగం తగ్గించుకుంటుంది. బయాస్‌లో ప్రాసెసర్ పవర్ పరిమితిని 125 నుంచి 160 వాట్ల మధ్య పెట్టండి. రెండర్ కొంచెం ఆలస్యమవుతుంది, వేడి మాత్రం చాలా తగ్గుతుంది. రైజెన్ అయితే ఎకో మోడ్ ఉంది. ప్రాసెసర్ మీద రెండు టవర్ల హీట్‌సింక్, ఫ్యాన్ చాలు, నీళ్ల కూలింగ్‌లో పంపు పాడైతే పని ఆగిపోతుంది. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలి నేరుగా సిస్టమ్‌కు తగలనివ్వకండి. తడిగాలికి దుమ్ము ముద్దగా మారి ఫిన్నుల్లో అతుక్కుంటుంది. బ్లోయర్‌తో కూడా పోదు.

సాఫ్ట్‌వేర్ గురించి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ను వదలొద్దు, టైటిళ్లకు, టెంప్లేట్లకు, లిరిక్ వీడియోలకు అదే సులువు. దానితో వచ్చే మోకా ఏఈతో ప్లానర్ ట్రాకింగ్ (గోడ, బోర్డు లాంటి చదునైన భాగం కదలికను వెంబడించడం) నేర్చుకోండి. చాలామంది దాన్ని తెరవను కూడా తెరవరు. ప్రాజెక్టును 8 బిట్ నుంచి 16 బిట్‌కు మార్చండి. పొగ, మెరుపు, ఆకాశం లేయర్లలో గీతలు పోతాయి. గ్రీన్ మ్యాట్ పని కోసం రిజాల్వ్‌లోని ఫ్యూజన్ పేజీ నేర్చుకోండి. ఉచిత వెర్షన్‌లోనే కీయింగ్‌కు పనికొచ్చే డెల్టా కీయర్, క్లీన్ ప్లేట్ టూల్స్ ఉన్నాయి, 4కే యూహెచ్‌డీ వరకు అవుట్‌పుట్ ఇస్తుంది. మనిషి శరీరానికి గట్టి కీ ఒకటి, జుట్టు అంచులకు మెత్తటి కీ ఇంకొకటి వేరుగా చేసి కలపడం నోడ్లలో (ఒక్కో పనిని ఒక్కో పెట్టెగా పెట్టి గీతలతో కలిపే పద్ధతిలో) ఎంత తేలికో ఒకసారి చేస్తే తెలుస్తుంది. ఒకే కీతో రెండూ సాధించాలని చూడటమే చాలా మంది అంచులు చెడటానికి కారణం. ఉచిత వెర్షన్‌లో 10 బిట్ 4:2:2 క్లిప్పులు మొరాయిస్తే షట్టర్ ఎన్‌కోడర్‌తో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూఎక్స్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌కు మార్చుకోండి. 4కేలో నిమిషానికి 5 జీబీ దాకా తింటుంది, కాబట్టి వాడే షాట్లనే మార్చండి. నాయిస్ తగ్గించడం, మ్యాజిక్ మాస్క్ కావాలంటే స్టూడియో వెర్షన్, 295 డాలర్లు. ఒక్కసారి కడితే చాలు. కెమెరా కదిలే షాటులో గుడి గోపురం నిలబెట్టాలంటే బ్లెండర్‌లోని కెమెరా ట్రాకింగ్ ఉచితం, మంచిది.

న్యూక్ హైదరాబాద్ వీఎఫ్‌ఎక్స్ స్టూడియోల్లో ఉద్యోగం చేయాలనుకుంటే తప్పక నేర్చుకోండి. దాని నాన్‌కమర్షియల్ వెర్షన్ ఉచితం, హెచ్‌డీ వరకే అవుట్‌పుట్, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. పాటల ఆర్డర్లకు ఇప్పుడు అవసరం లేదు. ఫ్యూజన్‌లో నోడ్లు అలవాటైతే తర్వాత న్యూక్‌కు మారడం కష్టం కాదు.

క్రాక్ వెర్షన్లు వద్దనేది నీతి కోసమే కాదు. వాటితో వచ్చే దొంగ ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచిన లాగిన్లను ఎత్తుకెళ్తాయి, పాస్‌వర్డ్ తెలియకుండానే యూట్యూబ్ ఛానెల్ చేతులు మారుతుంది. ఆర్డరిచ్చిన పార్టీల ఛానెళ్లు మీ ఎడిటింగ్ సిస్టమ్‌లో తెరిచి ఉంచే అలవాటు ఉంటే ఆపేయండి.

కొనేది వరంగల్‌లోనైనా, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనైనా జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించండి. వారంటీకి అదే ఆధారం. సీటీసీలో కొంచెం తక్కువకు వచ్చినా, పాడైతే కాజీపేట నుంచి రైలెక్కాల్సింది మీరే. తేడా రెండు మూడు వేలైతే ఇక్కడే కొనండి. డబ్బు కట్టేముందు షాపులోనే పరీక్షించండి. పెన్‌డ్రైవ్‌లో మీ సొంత షాటు ప్రాజెక్టు తీసుకెళ్లి అరగంట రెండర్ పెట్టించండి, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి వేడి, వేగం చూస్తూ ఉండండి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం కిట్ మీద రాసిన అంకె కాకుండా 4800 చూపిస్తుంటే బయాస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయమనండి. టాస్క్ మేనేజర్‌లోనే గ్రాఫిక్స్ కార్డు మెమరీ 16 జీబీ ఉందో లేదో కనిపిస్తుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు. అది ర్యామ్‌ను సరిచూసుకునే సమయం, కంగారుపడి స్విచ్ ఆపకండి.

పాత సిస్టమ్‌ను అమ్మినా పెద్దగా రాదు. మెమరీ కార్డులు కాపీ చేయడానికి, క్లిప్పులు మార్చడానికి, హార్డ్‌డిస్కుల్లో రెండో కాపీ దింపడానికి అట్టే పెట్టుకోండి. కొత్తది వచ్చేదాకా దాని మీదే హెచ్‌డీ కంపోజిషన్, సగం రిజల్యూషన్ ప్రివ్యూ పెట్టి ఈ వారం ఆర్డరు చేసి చూడండి.